నాలుగు వేళ్ళ ఖాళీ

కొండదారిలో సగం ఎక్కాక, పెద్ద మలుపు దగ్గర, మూతపడ్డ పెట్రోలు బంకొకటి ఉంది. పగలు చూస్తే ఏమీ లేదు — తుప్పుపట్టిన పంపు, దాని కింద సిమెంటు దిమ్మ, సగం ఊడిన రేకుల కప్పు. రాత్రి అటుగా పోవాల్సినవాళ్ళు మాత్రం ఇంట్లో చెప్పకుండా బయల్దేరేవారు. చెబితే ఎవరు పోనిస్తారు?

అక్కడ బండి ఆగిపోతుంది. ట్యాంకు నిండుగా ఉన్నా సరే... రెండుసార్లు దగ్గి, ఆగిపోతుంది.

అప్పుడేం చెయ్యాలో ఆ దారిన తిరిగే వాళ్ళందరికీ తెలుసు. ట్యాంకు మూత తియ్యాలి. గుడ్డముక్క పెట్రోల్లో ముంచి దిమ్మ మీద పిండాలి. "నీ వాటా నీకిచ్చేశాం, మమ్మల్ని పోనియ్" అనాలి. మూత బిగించి, వెనక్కి చూడకుండా కిక్కు కొడితే ఒక్క దెబ్బకి బండి లేస్తుంది. అయితే ఒకటి... మూత తీసిన ఆ క్షణాన చెవి పక్కనే ఎవరో ఊపిరి లోపలికి లాగినట్టు వినపడుతుంది. హుప్... అని. విన్నవాళ్ళు ఒకరూ ఇద్దరూ కాదు.

అక్కడి దెయ్యం చిన్న ట్యాంకు బళ్ళ జోలికి పోదట. పెద్ద ట్యాంకు చూస్తేనే దానికి దాహమట. దెయ్యాలకీ పెద్దా చిన్నా తెలుసు మరి.

ఆ దెయ్యం ఎవరన్నది కూడా ఊరంతా తేల్చేసింది. పాతికేళ్ళు ఆ బంకులో పెట్రోలు కొట్టి, ఆ పంపు పక్కనే ప్రాణం వదిలిన బంకాయన. ఆయనదొక చాదస్తం ఉండేది. ఎవరెంత బతిమాలినా ట్యాంకు అంచుదాకా నింపేవాడు కాదు. పైన నాలుగు వేళ్ళ ఖాళీ ఉంచి ఆపేసేవాడు. "బండికీ ఊపిరాడాలి కదయ్యా" అనేవాడు. ఉన్నన్నాళ్ళూ జనం నవ్వుకున్నారు. పోయాక ఆ నాలుగు వేళ్ళూ ఆయనే కాజేశాడన్నారు. ఎదురుగా మీటరు చూసుకుని కొట్టించుకున్నవాళ్ళే ఆ మాటన్నారు. కుండకి మూకుడుంటుంది గానీ లోకం నోటికి మూతెక్కడిది?

బంకు మూతపడ్డాక కొండకి ఇటు చివర కొట్టించుకుంటే మళ్ళీ అటు చివరే పెట్రోలు. దాంతో సరుకు మోసే బళ్ళవాళ్ళంతా పెద్ద ట్యాంకులు పెట్టించుకోవడం మొదలుపెట్టారు. ఆ ట్యాంకులు బిగించేది ఎవరనుకున్నారు? బంకాయన కూతురే. ఊళ్ళో అందరికీ ట్యాంకుల అక్క. పని ఒద్దికగా చేసేది. పాత ట్యాంకు దించి, కొత్తదాని కింద రబ్బరు దిండ్లు సరిచూసి, హ్యాండిలు ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పి, ఎక్కడా తగలట్లేదని నమ్మకం కుదిరాకే బండి ఇచ్చేది. ఊరి వీధుల్లో నాలుగు చుట్లు తిప్పి చూసేది కూడా. కొండదారి మాత్రం తండ్రి పోయాక ఒక్కసారీ ఎక్కలేదు. మనసొప్పలేదు.

ఒక సాయంత్రం పార్సిళ్ళ బాబాయి వచ్చాడు, తన రెండో బండికి ట్యాంకు కోసం.

"ఇంకాస్త పెద్దదుంటే చూడమ్మా," అన్నాడు నవ్వుతూ. "ఆ దొంగ వాటా పోగా మనకి మిగలాలి కదా."

షాపులో ఓ మూల కూర్చుని రబ్బరు వాషర్లు కత్తిరిస్తున్న అక్క వాళ్ళమ్మ చేతిలో కత్తెర ఆగింది. ఆవిడ ముక్కలన్నీ ఒడిలోకి ఏరుకుని, తలొంచుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఈ మాటలు పడలేక ఆవిడ వీధి గుమ్మం దాటి అప్పటికి ఆర్నెల్లు. షాపు మూల కూడా లేకుండా చేశారు ఆవిడకి.

అక్కకి ఒళ్ళు మండిపోయింది. "మా నాన్న దొంగ అనడానికి నువ్వేం చూశావు బాబాయ్?"

బాబాయి నాలిక్కరుచుకున్నాడు. అమ్మని చూసుకోలేదు పాపం. అయినా తగ్గలేదు. "నేనొక్కడినే అంటున్నానా తల్లీ? నిప్పు లేనిదే పొగ రాదంటారు."

"పొగ రావడానికి నిప్పెందుకు? పిస్టను రింగులు అరిగినా వస్తుంది." స్పానరు కింద పెట్టింది. "నీకు బిగించేలాంటి ట్యాంకే నా బండికీ బిగించుకుంటాను. అంచుదాకా నింపుకుని ఈ రాత్రికి నేనే వెళ్తాను. చుక్క పిండను. పిండానా... రేపట్నుంచి ఈ షాపు తలుపు తియ్యను. అందరికీ చెప్పుకో."

బాబాయి చెప్పుకున్నాడు. ఆ మాత్రం సాయం చెయ్యకపోతే ఎలా?

రాత్రి బండి బయటికి తీస్తుంటే అమ్మ తలుపు చాటు నుంచి, గొంతు తగ్గించి అడిగింది. "నిజంగా ఆయనే అయితేనో?"

"ఆయనే అయితే నన్ను ఆపడమ్మా."

చలిగా ఉంది. పైకెక్కే కొద్దీ ఇంకా చలి. మలుపులు లెక్కపెట్టుకుంటూ వెళ్తోంది... ఎనిమిది, తొమ్మిది. బండి పిల్లిలా మెత్తగా లాగుతోంది. పదో మలుపు తిరిగేసరికి లైటు వెలుగులో రేకుల కప్పు కనిపించింది.

బండి దగ్గింది.

మళ్ళీ దగ్గింది... ఆగిపోయింది.

సరిగ్గా దిమ్మ ఎదురుగా.

కిక్కు కొట్టింది. కొట్టింది. కాలు నొప్పెట్టేదాకా కొట్టింది. ఊడిన రేకు గాలికి కిర్రుమంటోంది. భయం వేసింది. వెయ్యలేదంటే అబద్ధం. తండ్రి కూర్చునే చోటది. ఆయన కోసం అన్నం డబ్బా పట్టుకొచ్చి చిన్నప్పుడు తను కాళ్ళూపుకుంటూ కూర్చున్న దిమ్మ అది.

అసలు పెట్రోలుందో లేదో చూద్దామని మూత తిప్పింది.

హుప్...

చెవి పక్కనే. ఎవరో ఊపిరి లాగారు.

చేతిలో మూత తుడిచిన గుడ్డ ఉంది. ట్యాంకులో దాదాపు అంచుదాకా పెట్రోలు తళతళలాడుతోంది. ముంచి పిండితే అయిపోతుంది, చూసేవాళ్ళెవరూ లేరు.

గుడ్డని ఉండ చుట్టి లోయలోకి విసిరేసింది.

"పొయ్యను నాన్నా," అంది చీకట్లోకి. "నువ్వడిగినా పొయ్యను. అయినా నువ్వడగవు. జన్మలో ఒకరి చుక్క ఆశించినవాడివి కాదు."

మూత బిగించి కిక్కు కొట్టింది. ఒక్క దెబ్బకి లేచింది బండి.

ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి అక్కకి. చుక్క ఇవ్వలేదు. ఎవరూ అడగలేదు. ఈ మాట అమ్మకి చెప్పాలి... వెనక్కి తిప్పుకునే చోటు కోసం ఇంకాస్త పైకి పోనిచ్చింది.

మైలు కూడా పోలేదు. బండి దగ్గి ఆగిపోయింది.

అక్కడ బంకు లేదు. దిమ్మ లేదు. ఆయన ఎన్నడూ నిలబడని చోటు. మూత తీసింది.

హుప్...

ఈసారి భయం వెయ్యలేదు. పని తెలిసిన బుర్ర మేలుకుంది. ఊపిరి లాగింది చెవి పక్కన ఎవరో కాదు... ట్యాంకే. మూత పెదాలకి ఆనించి గట్టిగా ఊదింది. గాలి అటు పోలేదు. టార్చి వేసి లోపలి వైపు చూసింది.

మధ్యలో, సూదిమొనంత రంధ్రం ఉండాల్సిన చోట, గుండ్రంగా, నున్నగా, ఒక్క చుక్క టంకం. ఆ చెయ్యి ఎవరిదో అక్కకి ఒకరు చెప్పక్కర్లేదు.

మూడేళ్ళ కిందట మొదటి ట్యాంకు పెట్టించుకున్నవాడు గొడవపెట్టాడు — అంచుదాకా నింపితే ఎత్తు ఎక్కేటప్పుడు మూతలోంచి కారి ప్యాంటు తడుస్తోందని. అక్క ఆ రంధ్రానికి టంకం పెట్టి మూసింది. ఆ తర్వాత ఎవరూ అడక్కుండానే ప్రతి మూతకీ పెట్టింది, అరవైకి పైగా. గాలి లోపలికి రాకపోతే పెట్రోలు కిందికి దిగదు. వీధుల్లో నెమ్మదిగా తిరిగితే మూత సందుల్లోంచి దూరే కాస్త గాలీ సరిపోతుంది. రాత్రి చలిలో, నిండు ట్యాంకుతో, బండి బలమంతా పెట్టి కొండెక్కితే... పదో మలుపుకి ఊపిరి అయిపోతుంది. మూత తీస్తే వస్తుంది. గుడ్డ పిండినా, పిండకపోయినా. మిగతావాళ్ళు భయంతో మూత సగమే బిగించి పారిపోయి ఉంటారు, అందుకే వాళ్ళ బళ్ళు పైన మళ్ళీ ఆగలేదు.

నాలుగు వేళ్ళ ఖాళీ ఉంచితే ఆ రంధ్రంలోంచి చుక్క కారదు. మూసే పనే లేదు. నాన్న పాతికేళ్ళు చెప్పింది అదే.

సిగ్గుతో రోడ్డు మీదే కూలబడింది అక్క. ఊరు ఒక మాటే అంది. ఆ మాటకి సాక్ష్యం తయారుచేసి, బిగించి, మరీ కొండ మీదికి పంపింది తను.

ఎవరికీ తెలియదు. చడీచప్పుడు లేకుండా ఒక్కో మూతా మార్చేస్తే దెయ్యం దానంతటదే పోతుంది. పోతుంది సరే, దొంగ అన్న పేరు మాత్రం ఉండిపోతుంది.

మూత వదులుగా పెట్టి, ఒక చేత్తో అదుముకుంటూ కొండ దిగింది. తెల్లారేసరికి షాపు ముందు పదిమంది, అందరికంటే ముందు బాబాయి. అక్క ప్యాంటు పెట్రోలుతో తడిసి ఉంది.

"పిండావు కదూ?" అన్నాడు బాబాయి నెమ్మదిగా.

అక్క చెయ్యి చాపింది. "నీ బండి మూత తే." తెచ్చాడు. "ఊదు."

ఊదాడు. బుగ్గలు పొంగాయి, మొహం ఎర్రబడింది. గాలి పోలేదు. అక్క ఆ మూతని బల్ల మీద బిగించి, సన్నటి డ్రిల్లుతో టంకం చుక్క మధ్యలో పొడిచి చేతికిచ్చింది. "ఇప్పుడూదు." సన్నగా ఈల వినపడింది.

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఇంతకీ అక్కడ దెయ్యం ఉందా, లేదా?" అన్నారు వెనకనుంచి ఎవరో.

"ఉంది," అంది అక్క. "అక్కడ కాదు, ఇక్కడ. మూడేళ్ళుగా మీ మూతలకి టంకం పెట్టి పంపుతోంది. నేనే. మా నాన్న కాదు. అందరూ మూతలు తెండి. ఆయన్నేమన్నారో అవన్నీ ఇప్పుడు నా మొహాన అనండి."

ఒక్కొక్కరే మూతలు తిప్పడం మొదలుపెట్టారు.

రంధ్రం పొడిచాక అక్క డబ్బాతో బాబాయి ట్యాంకు నింపింది. పైన నాలుగు వేళ్ళు ఉండగా ఆపేసింది. పాత అలవాటు కొద్దీ బాబాయి నోరు తెరిచాడు. "ఇంకాస్త—"

ఆర్నెల్లుగా వీధిలో ఎవరికీ కనపడని అమ్మ, చేతిలో కత్తెరతో వీధి గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"బండికీ ఊపిరాడాలి కదయ్యా," అంది.