గుప్పెడు రెక్కల పురుగులు

"బుట్టలో పురుగులేవి?" అని అడిగింది సలోమి.

"కోళ్ళకేశా," అన్నాడు జీవన్.

వెల్దుర్తి మండలంలో ఒక పత్తి చేను గట్టు మీద, సెప్టెంబరులో ఒక మంగళవారం పొద్దున, వాళ్ళిద్దరి మధ్య నడిచిన మొదటి మాటలు అవే. సలోమి ఆ ఊరికి తాత్కాలికంగా వచ్చిన వ్యవసాయ అసిస్టెంట్. జీవన్ డిగ్రీ అయ్యాక తండ్రి దానయ్యతో పాటు సేద్యంలోకి దిగాడు.

"నా డేటా కోళ్ళకేశారా?"

"డేటానో ఏందో నాకేం తెలుసు మేడం. కంపు కొడుతుంటే దులిపా. కోళ్ళు మాత్రం చానా ఇష్టంగా తిన్నయ్."

"బుట్ట సోమారం సాయంత్రం ఖాళీ చేయాలండీ. ఆ రాత్రి పడ్డవి మంగళారం పొద్దున నేను లెక్కపెట్టుకోవాలి. మీరు తిరగేశారు."

ఊళ్ళో అలాంటి బుట్టలు ఐదున్నాయి. ఒక్కోదానిలో ఆడపురుగు వాసన వచ్చే చిన్న ఎర ఉంటుంది. పత్తికాయను తొలిచే గులాబీ రంగు పురుగు పెరిగి రెక్కల పురుగవుతుంది. వాటిలో మగవి ఈ వాసన పట్టుకుని వచ్చి కింది సంచిలో పడతాయి.

"అంటే లోపల ఆడది లేదా? ఉత్త వాసనేనా?" అన్నాడు జీవన్.

"ఉత్త వాసనే."

"పాపం. దానికే చస్తన్నయ్యా?"

"మగబుద్ధి," అని సలోమి స్కూటీ స్టార్ట్ చేసింది.

తర్వాతి మంగళవారం జీవన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని గట్టు మీద నిలబడ్డాడు. ఆ రోజు బుట్టకు సగటున నలభై ఒకటి వచ్చాయి. ఆ పై మంగళవారం నలభై నాలుగు. అంత ఎక్కువ పడితే శుక్రవారం కూడా వచ్చి, లోపల పురుగుందేమోనని పూలు విప్పి చూడాలి. సలోమి వచ్చింది. ఇద్దరూ చెరో సాలులో వంగి ముడుచుకుపోయిన పూలు ఏరుతుంటే, జీవన్ నాయనమ్మ ఎస్తేరు గట్టు మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తూ చూసింది.

"ఒరేయ్, పూలు చూడరా, ఆ పిల్లను కాదు," అంది.

సలోమి వినబడనట్టే ఉండి, కాసేపటికి ఫోనులో గీసుకున్న గ్రాఫ్ చూపించింది.

"వారానికోసారి చూస్తాం కాబట్టి మనకు దొరికేవి చుక్కలే. అన్నిటికంటే పెద్ద చుక్కే శిఖరం అనుకోకూడదు. అసలు శిఖరం రెండు చుక్కల మధ్య మనం చూడని రోజున ఉండొచ్చు. పెద్ద చుక్కకు అటూ ఇటూ ఉన్నవి కూడా కలిపి వంపు గీస్తే అది ఏ రోజో తేలుతుంది."

"తెలిసి ఏం జేస్తారు?"

"ఆ రోజు నుంచి నెల తిరిగేసరికి వచ్చే తరం గుడ్లు పెడుతుంది. దానికి కాస్త ముందే మందు కొట్టాలి. లేటైతే పురుగు కాయలోకి పోతుంది. ఇంక పైన ఎంత కొట్టినా దండగ."

"మరి ఇప్పుడే గీయండి."

"ఎట్లా? ఎక్కుతానే ఉందిగా. ఒక చుక్కన్నా దిగాలి. దిగితేనే శిఖరం దాటామని తెలిసేది." సలోమి ఫోను జేబులో పెట్టుకుంది. "వచ్చే వారం దిగితే లెక్క చెప్పేసి పోతా. నెలాఖరుకు నాకు వినుకొండ వైపు ట్రాన్స్‌ఫర్."

జీవన్ చేతిలో పువ్వు విప్పకుండానే కింద పడేశాడు.

ఆ తర్వాతి మంగళవారం వాన. తడుస్తూనే బుట్టలన్నీ చూసుకుని, సలోమి చివరికి జీవన్ మోటారు షెడ్డులోకి వచ్చింది. నాలుగు బుట్టల్లో తలా ఇరవైకి దిగాయి. జీవన్ బుట్టలో మాత్రం నూట యాభై.

"సగటు నలభై ఆరు. ఇంకా ఎక్కుతా ఉంది," అంది నీళ్ళు తుడుచుకుంటూ. "మీ చేను పల్లంలో ఉంది కదా, ఉధృతి ఇక్కడి నుంచే మొదలవుతుందేమో. మందు ఇప్పుడప్పుడే వద్దు, వారం పది రోజులు వెనక్కి జరపమని ఊరికి మెసేజ్ పెడతాను. శుక్రవారం మళ్ళీ వస్తా."

శుక్రవారం వస్తానంది. జీవన్‌కు కావలసింది అదే. కానీ ఊరికి మెసేజ్ పోతుందని అతను అనుకోలేదు. రేకుల మీద వాన చప్పుడులో ఆమె టైపు చేస్తున్నది చూస్తూ నిలబడ్డాడు.

"మేడం, పంపబాకండి."

"ఏం?"

"పొద్దున్నే నేను చూశా. ఇరవై కూడా లేవు. నిన్న ఖాళీ చేసినవి కవర్లో ఉంటే గుప్పెడు తీసి మళ్ళీ లోపల పోశా."

సలోమి తలెత్తింది. "ఎందుకు?"

"ఎక్కువ పడితే శుక్రవారం వస్తారుగా. దిగితే పోతానన్నారు."

టైపు చేసిన మెసేజ్ చెరిపేసింది. తర్వాత నెమ్మదిగానే అంది: "నేను నమ్మాను. మీ నాయన చేను కూడా ఇందులోనే ఉంది, తెలుసా?"

"తెలుసు. అందుకే చెప్పా."

సలోమి అతని అంకె కొట్టేసి మళ్ళీ వంపు గీసింది. నలభై ఒకటి, నలభై నాలుగు, ఇరవై. పెద్ద చుక్కకు ముందువైపు ఎత్తు, వెనకవైపు పల్లం. శిఖరం నలభై నాలుగు పడ్డ మంగళవారం మీద లేదు, దానికి ముందు శనివారం దగ్గర తేలింది. ఆ లెక్క ప్రకారం మందు కొట్టే తేదీ ఊరి గ్రూపులో పెట్టింది. గుప్పెడు సంగతి రాయలేదు. జీవన్‌తో మాట్లాడకుండా వానలోనే వెళ్ళిపోయింది. నెలాఖరుకు వినుకొండ చేరింది.

ఊరంతా చెప్పిన రోజుకే మందు కొట్టారు. ఆ తర్వాత దానయ్య కాయలు కోసి చూస్తే పురుగు ఎక్కడో ఒక దాంట్లో తప్ప కనబడలేదు. ప్రతి మంగళవారం జీవన్ బుట్ట ఫోటో, అంకె ఆమెకు పంపాడు. పన్నెండు. తొమ్మిది. మూడు. ఆమె చూసేది, బదులు ఇచ్చేది కాదు.

సున్నా పంపిన రోజు ఫోను మోగింది.

"సున్నా అయితే ఇంక పంపక్కర్లేదు," అంది సలోమి.

"పంపకపోతే మీరు నన్ను మర్చిపోతారు."

"గుప్పెడు కలుపుకుని పంపొచ్చుగా," అంది. గొంతులో నవ్వుంది.

"ఇంక కలపను."

"అయితే ఒకసారి వినుకొండ రా, జీవన్."

గారు లేని ఆ పేరును జీవన్ మాచర్లలో బస్సెక్కిన దగ్గర నుంచి దిగేదాకా తలచుకుంటూనే ఉన్నాడు. పక్క సీట్లో ఎస్తేరు. రావద్దన్నా వినలేదు. మనుషులు ఒకసారి దూరమైతే మళ్ళీ కలుస్తారన్న నమ్మకం ఆమెకు లేదు.

వినుకొండ బస్టాండులో సలోమితో టీ తాగుతూ జీవన్ అడిగేశాడు. "నా మీద ఇష్టం ఎంతదాకా వచ్చింది?"

"చెప్పలేను," అంది సలోమి. "ఎంతదాకో తేలాలంటే ఒక చుక్కన్నా దిగాలి. ఇంతవరకూ దిగలా. ఈసారి గుప్పెడు ఎవరూ పోయలేదు."

జీవన్ టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"ఆ దిగేది ఏందో నాకు తెలవదు గానీ," అంది ఎస్తేరు, "అది వచ్చిందాకా కూర్చోబాకండి. పాస్టరుగారిని అడిగి తేదీ పెట్టిస్తా. ఏమ్మా, ఏ రోజైతే నీకు వీలు?"

"ఏ రోజైనా పర్లేదు మామ్మా," అంది సలోమి. "మంగళారం మాత్రం వద్దు. ఆ రోజు మీవాణ్ణి నమ్మలేం."