రెండో చెయ్యి

"ఈ ఎడమ చెయ్యి నిలవదు. చెక్క ఇంకా పచ్చిగా ఉంది."

మార్చి వానలో తడుస్తూ పార్కు షెడ్డు గుమ్మంలో ఆ మాటన్నవాడు వెస్లీ. ఉత్తర తీరం నుంచి దేవదారు దుంగలు తెచ్చినవాడు, దించి ఊరుకోవచ్చుగా!

డెల్ఫీన్‌కి ఒళ్లు మండింది. రేవులో నిలబెట్టే స్వాగతమూర్తిని చెక్కే పని మొట్టమొదటిసారి ఆమె చేతికొచ్చింది. రెండు చేతులూ చాచి, అరచేతులు పైకి పెట్టి, సముద్రం మీద వచ్చేవాళ్లని పిలిచే నిలువెత్తు బొమ్మ.

"నిన్నెవరైనా అడిగారా?"

"అడక్కుండా చెప్పడం మా ఇంట్లో అందరికీ అలవాటే."

"అయితే మీ ఇంటికెళ్లి చెప్పుకో!"

నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. ఆ నవ్వు మాత్రం షెడ్డు వదిలి పోలేదు.

జూలైలో, తీరం పొడవునా ఊళ్ల నుంచి తెడ్ల పడవలు పండుగకి రావడానికి పన్నెండు రోజులున్నాయనగా, ఎడమ చెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా పగిలింది. ఒంటిచేతి బొమ్మని నిలబెట్టేది లేదన్నారు ఊరి పెద్దలు.

డెల్ఫీన్ పౌరుషం దిగమింగి ఫోన్ చేసింది. "పగిలింది."

'చెప్పానా!' అంటాడని కాచుకుంది.

"ఎంత పొడవు కావాలి?" అన్నాడు వెస్లీ.

మర్నాడే ట్రక్కులో వచ్చాడు. తెచ్చింది వాళ్ల తాత పాత పడవ చెక్క. ముప్పై ఏళ్లు ఎండిన దేవదారు.

"మీ తాత తిట్టలేదా?"

"రంపం తెచ్చిచ్చిందే ఆయన."

పండుగ రోజు కొత్త చేతితో బొమ్మ రేవులో నిలిచింది. పడవలు ఒడ్డుకి కాస్త దూరంలో ఆగాయి. తెడ్లు పైకి లేచాయి. ఆచారం ప్రకారం దిగడానికి అనుమతి అడగాలని ముందు పడవలో వెస్లీ లేచి నిలబడ్డాడు.

"నేను ఆల్బర్ట్ మనవణ్ణి. వారం రోజులు తెడ్డు వేసి వచ్చాం. ఆకలేస్తోంది. మీ నేల మీద దిగమంటారా?"

బదులివ్వాల్సింది డెల్ఫీన్ అమ్మమ్మ ఆగ్నెస్. ఆవిడ మనవరాలిని ముందుకి తోసింది. "చెక్కినదానివి నువ్వే పిలవాలి. పో!"

డెల్ఫీన్ గొంతు సవరించుకుంది. "ముందు అందరూ వినండి. చెయ్యి నిలవదని చెప్పింది ఇతనే. తప్పు నాదే. ఇప్పుడు దిగండి!"

ఒడ్డంతా ఘొల్లున నవ్వింది. వెస్లీ మాత్రం కదల్లేదు.

"రేపు వీళ్లంతా వెళ్లిపోతారు. నేను ఉండిపోవచ్చా, డెల్ఫీన్?"



"త్వరగా తేల్చవే, పొయ్యి మీద సాల్మన్ చేప మాడిపోతోంది!" అని అరిచింది అమ్మమ్మ.

డెల్ఫీన్ వెనక్కి తిరిగి తన బొమ్మని ఒకసారి చూసుకుంది. మోకాళ్లలోతు నీళ్లలోకి నడిచి, రెండు చేతులూ చాచి, అరచేతులు పైకి పెట్టింది.

పడవ నేలకి తగలకముందే వెస్లీ నీళ్లలోకి దూకాడు.