తెల్లగాజు వెనక చెల్లెలు

అది మిట్టమధ్యాహ్నం! అయినా ఆకాశంలో సూర్యుడి జాడ లేదు... కారుమేఘాలు దిక్కులన్నీ కమ్మేసి పట్టపగలే వీధిని కటికచీకట్లో ముంచేశాయి. ఫెళఫెళమని ఉరుములు! రాత్రి కూయాల్సిన గుడ్లగూబ ఎక్కడి నుంచి వచ్చిందో, ఎదురింటి చూరు కింద చేరి కర్ణకఠోరంగా కూసింది.

కుట్టుమిషను ముందు కూర్చున్న టైలరక్క ఉలిక్కిపడి తలెత్తింది. ఆ కూతను మించిన భయంకర శబ్దం పక్కగదిలోంచి వచ్చింది... నవ్వు! ఆ గదిలో ఉన్నది తన చెల్లెలు ఒక్కతే. కానీ అది చెల్లెలి నవ్వు కాదు. అంత బొంగురు నవ్వు ఏ మనిషి గొంతులోంచీ రాదు!

ఆ గదికి వీధివైపూ మిషనువైపూ గోడల్లేవు, నిలువెత్తు గాజు పలకలే. మామూలు గాజు కాదు... తేటగానూ ఉండగలదు, పాలు పోసినట్టు తెల్లగానూ మారగలదు. ఫ్యాక్టరీలో బాయిలర్ పేలి చెల్లెలి ముఖం ఓ పక్కంతా కాలిపోయిన తర్వాత పెట్టించిన గాజు అది. కొలతలివ్వడానికొచ్చిన ఆడవాళ్ళు మెడలు సాచి ఆ పిల్లను చూడడం, చూసి పిల్లల కళ్ళు మూయడం అక్క భరించలేకపోయింది. నలుగురూ రావడం మానేస్తే కొట్టు ఏం కావాలన్న బెంగ కూడా ఆమెకు లేకపోలేదు. పైకి మాత్రం దాని మంచికే అనుకునేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే, పిలవని పేరంటంలా గాజు పలకలు బిగించే వాడొకడు గుమ్మం ముందు ప్రత్యక్షమయ్యాడు. నల్లటి చేతిసంచీ, రెప్ప వాల్చని కళ్ళు...

"ఎవరినో దాచుకోవాల్సిన ఇల్లులా ఉందే!" అన్నాడు.

నీకెలా తెలిసిందయ్యా అని అడగాల్సింది పోయి, "లోపలికి రండి" అని చేతులారా పిలిచింది మహాతల్లి! వాడు పలకలు బిగించి, తెల్లగా మార్చి, స్విచ్ మీద నల్ల లక్క పోశాడు. "దీన్ని ముట్టుకున్నారో, పలకలు పగిలి మీ చెల్లెలి మీద పడతాయి" అని హెచ్చరించి వెళ్ళాడు. ఆనాటి నుంచి చెల్లెలు తిండి మానేసింది, మాట మానేసింది, చిక్కి శల్యమైపోయింది. ఆమె మంచం మీద పడుకుని ఉన్నా, ఆమె నీడ మాత్రం తెల్లటి గాజు మీద పచార్లు చేసేది! అక్క అది చూసింది. చూసి కూడా కళ్ళు తిప్పుకుంది.

ఇప్పుడు ఆ గాజు మీద రెండు నీడలున్నాయి. జుట్టు విరబోసుకుని ఊగిపోతున్న చెల్లెలు... ఆమె ఎదుట పొడుగాటి ఆకారం... దాని అరచేతిలో పుర్రె!

"హ్రీం... హ్రూం... కపాలవాసీ! సొంతవాళ్ళే దాచిన ప్రాణమిది! లోకం కంట పడని ప్రాణమే నీకు ఆహారం! స్వీకరించు!" ఆ గొంతు గాజు బిగించిన వాడిదే!

"అక్కా...!" ఒక్క క్షణం చెల్లెలి అసలు గొంతు పైకి తేలి, మళ్ళీ ఆ వికటాట్టహాసంలో మునిగిపోయింది.

అక్క తలుపు లాగింది. కదల్లేదు. ఇస్త్రీపెట్టె ఎత్తి గాజు మీద విసిరితే అది వెనక్కొచ్చి కాళ్ళ దగ్గర పడింది.

"ఒరేయ్! వీధి జనాన్ని పిలుస్తాను! నిన్ను నిలువునా చీరేస్తారు!"

"పిలువు!" ఆ నీడ విరగబడి నవ్వింది. "అదృశ్యాంజనం రాసుకున్నానే! గుమ్మం దాటి రమ్మన్న నీకు తప్ప ఏ నరుడికీ కనిపించను!"

గాజును తెల్లగా పట్టి ఉంచుతున్నది కరెంటే కదా అనుకుంది అక్క. పరుగున వెళ్ళి మెయిన్ కిందికి దించేసింది. ఫ్యాను ఆగింది. మిషను దీపం ఆరింది. కానీ గాజు... ఇంకా తెల్లగానే ఉంది! లోపల చెల్లెలి కేక సన్నబడిపోతోంది!

అప్పుడు వెలిగింది ఆమెకు. కరెంటు లేకపోయినా తెల్లగా ఉందంటే తెలుపే దాని స్వభావం. కరెంటు పారితేనే తేటపడుతుంది! వాడు స్విచ్‌కు లక్క పోసింది పలకలు పగులుతాయని కాదు, తేటపడతాయని! మెయిన్ పైకెత్తింది. కత్తెర మొనతో లక్కను పెకలించింది. స్విచ్ బయటపడింది.

"ఆగు!" ఈసారి వాడి గొంతులో బెదురు. "వీధంతా చూస్తుంది! నీ కొట్టుకొచ్చే వాళ్ళంతా చూస్తారు దాని మొహం! ఇన్నాళ్ళు దాచిందంతా బూడిదలో పోస్తావా?"

ఆమె వేలు ఆగిపోయింది. అవును, ఆగిపోయింది! ఆ ఒక్క క్షణం ఆమె గుండెలో ఏముందో ఆమెకు తెలుసు. సిగ్గుతో, ఏడుపుతో, కసిగా స్విచ్ నొక్కింది.

తెలుపు విరిగిపోయింది! గాజు నీళ్ళలా తేటపడింది. వానకు ఎదురింటి అరుగు మీద చేరిన జనం గుడ్లప్పగించి చూశారు.

"చూడండి!" గొంతు చించుకుని అరిచింది అక్క. "అది నా చెల్లెలు! నా సొంత చెల్లెలు! అందరూ చూడండి!"

"అయ్యో, పిల్ల ఒక్కతే ఉంది! ఆ పుర్రె గాల్లో తేలుతోందేంటి!" అని కేకేసింది ఎవరో ఆడమనిషి.

పుర్రె కంటిగుంటల్లో నిప్పులు రగిలాయి. దిక్కులు పిక్కటిల్లేలా ప్రశ్నించింది...

"దాచిన ప్రాణం ఏది?!"

చెల్లెల్ని ఇప్పుడు వీధంతా చూస్తోంది. ఆ గదిలో లోకానికి కనిపించని ప్రాణం ఒక్కటే మిగిలింది! మాంత్రికుడికి ఆ సంగతి అర్థమై మొహం పాలిపోయింది. ఒంటి నిండా పులుముకున్న అంజనాన్ని గోళ్ళతో రక్కి రక్కి గీకాడు. పోలేదు... చర్మం లేచొచ్చింది కానీ అంజనం పోలేదు!

"కాదు! నన్ను కాదు! అమ్మా! చూడండి, నేనిక్కడ ఉన్నాను! ఎవరైనా నన్ను చూడండి!"

ఒక్కరూ వాడి వైపు తిరగలేదు. పుర్రె దవడలు తెరుచుకున్నాయి... భీకరమైన ఆర్తనాదం! పొగ! తర్వాత నేల మీద గుప్పెడు మసి.

తలుపు దానంతటదే తెరుచుకుంది. అక్క లోపలికి పరుగెత్తి చెల్లెల్ని ఒళ్ళోకి లాక్కుంది. వణుకుతున్న ఆ ఒంటిని తడుముతూ, "పోయాడమ్మా... వాడు పోయాడు... నిన్నిక్కడ బంధించిన వాడు బూడిదైపోయాడు" అంది.

చెల్లెలు మెల్లగా కళ్ళు తెరిచింది. వీధి అవతల తననే చూస్తున్న మొహాల్ని చూసింది. తర్వాత అక్క మొహంలోకి చూసింది.

"నన్నిందులో పెట్టింది వాడు కాదుగా అక్కా..."

అక్క చెల్లెలి కాలిన చెంప మీద, ఇన్నాళ్ళలో మొట్టమొదటిసారి, చెయ్యి వేసింది.