మహారాజు కాని ఎర్రన్న

“ఆ వీడియో ఎట్టింది నువ్వేనేటి?”

శ్రీకాకుళం బస్ కాంప్లెక్స్‌లో పాతపట్నం బస్సు కోసం చూస్తున్న దుర్గాభవాని ఉలిక్కిపడింది. ఎదురుగా భుజాన గిటారు, వానకు తడిసిన జుట్టు, మండిపోతున్న కళ్లు. ఎర్రన్న! సముద్రపొడ్డు పల్లె నుంచి వచ్చి, రాక్ పాటలతో జిల్లాలోని కాలేజీలన్నీ ఊపేస్తున్న ఎర్రన్న.

భవాని ఎమ్మే హిస్టరీ చదువుతూ సొంతంగా ఒక చానెల్ నడుపుతోంది. పది రోజుల క్రితం ముక్కులు ఒకేలా ఉన్నాయని ముఖలింగం గుడిలోని ఒక రాతిబొమ్మ పక్కన అతని ఫోటో పెట్టి, ‘కళింగాన్నేలిన చోడగంగ మహారాజు మళ్లీ పుట్టాడా?’ అని సరదాగా అడిగింది. ఎనిమిది లక్షల మంది చూశారు.

“మా ఊళ్లో ముసిలోళ్లు నా కాళ్ల మీద పడిపోతన్నారు. రాజు వల లాగడమేటని నన్ను పడవెక్కనివ్వట్లేదు. స్టేజెక్కితే పాట ఒక్కడూ ఇనడు, అందరూ నా ముక్కే సూస్తన్నారు!”

“ముక్కు బాగానే ఉంది కదండీ,” అనేసి నాలుక కరుచుకుంది భవాని.

అంత కోపంలోనూ అతనికి నవ్వొచ్చింది. ఆ నవ్వు చూస్తూండగానే ఆమె బస్సు కాస్తా వెళ్లిపోయింది.

తర్వాత, అతను రాజో కాదో తేల్చే ‘ఆధారాల’ పేరుతో రోజూ కలుసుకున్నారు. ‘ఎర్రన్నా’ అని పిలవడానికి ఆమెకు నోరు రాలేదు. ‘ఇదిగో’ అనేది.

“ఇదిగో, పట్టాభిషేకం ఏమైనా గుర్తొస్తోందా?”

“సప్లిమెంటరీ గుర్తొస్తన్నాది. రాసుకో.”

“రాణులెంతమంది?”

“ఒక్కర్తే. ఎప్పుడు సూసినా పెశ్నలడుగుతాది.”

ఆ రోజు హాస్టల్‌కి వచ్చాక ఆమె మనసు ఒకచోట నిలవలేదు. పుస్తకంలో రాజు పేరు కనబడితే అతని ముఖం, అతను కనబడితే తలమీద కిరీటం. తను ఇష్టపడుతున్నది ఎవరినో తనకే తెలియడం లేదు.

ఒక సాయంత్రం ఆమదాలవలస స్టేషన్లో, రేకుల మీద వాన దడదడలాడుతుంటే, అతను కొత్త పాట పాడాడు. నీళ్ల మీద దారి మరిచినవాణ్ణి ఇంటికి రమ్మని పిలిచే పాట. భవానికి ఒళ్లు జలదరించింది. ఏమీ అడగలేదు. ‘ఓడల్లో పోయిన సైన్యం కోసం మహారాజు పడ్డ బాధేనా ఇది?’ అంటూ ఆ రాత్రే ఇంకో వీడియో పెట్టేసింది.

పొద్దున్నే ఫోన్ మోగింది.

“అది మా నాన్న కోసం నేను కట్టిన పాట, బవానీ.” గొంతులో కోపం లేదు. అదే ఆమెను భయపెట్టింది. “కూర్మయ్య ఆయన పేరు. నా పదో ఏట సముద్రంలోకెళ్లి తిరిగి రాలేదు. ఆయన్ని కూడా నీ రాజుకిచ్చేసావేటి?”

“నాకు తెలీదు...”

“నువ్వడగలేదు కదా. ఇన్ని పెశ్నలేసావు, నా గురించి ఒక్కటైనా అడిగావా?”

ఫోన్ పెట్టేశాడు.

నాలుగు రోజులు భవాని కుదురుగా కూర్చోలేదు. నంబరు నొక్కేది, మోగకముందే ఆపేసేది. వీడియోలు తీసేసింది కానీ అప్పటికే అవి వేలమంది ఫోన్లలో తిరుగుతున్నాయి.

ఐదో రోజు సాయంత్రం కాలేజీ గ్రౌండ్‌లో అతని షో. ఎవరో బంగారు కాగితం కిరీటం పట్టుకొచ్చారు. “మహారాజ్! మహారాజ్!” అని ఒకటే కేకలు. ఎర్రన్న తల దించుకుని నిలబడ్డాడు. స్టేజీ పక్కన అతని తల్లి లక్ష్మణమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటోంది.

భవాని మెట్లెక్కి మైకు అందుకుంది.

“ఆ వీడియోలు పెట్టింది నేనే. ఆ బొమ్మ రాజుదో కాదో నాకే తెలీదు, కల్పించాను. నేను రాజుదన్న పాట ఈయన తన నాన్నగారు కూర్మయ్య గారి కోసం కట్టుకున్నది. దయచేసి పాట వినండి.”

ఈలలు, వెక్కిరింతలు. ఎర్రన్న ఆమె వైపు ఒక్కసారి చూసి తీగలు మీటాడు. మొదటి చరణానికి గోల తగ్గింది. రెండో చరణానికి ముందు వరసలో ఒక పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

షో అయ్యాక స్టేజీ వెనక అతను మెల్లగా అన్నాడు. “నీ సానల్ పోతాదేమో.”

“పోనీ. ఇప్పుడడుగుతున్నాను, చెప్పు. నీకు దేనంటే భయం?”

“ఈ నాలుగు రోజులూ నీ ఫోన్ రాకపోతే... అప్పుడేసింది బయం.”

ఇంతలో లక్ష్మణమ్మ వచ్చి భవాని రెండు చేతులూ పట్టుకుంది. “ఇంతమందిలో ఆయన పేరు ఇని ఎన్నేళ్లయిందో తల్లీ! ఆదివారం మా ఇంటికి రా. ఆయన కతలు సానా ఉన్నాయి, సెప్తాను.”

“తప్పకుండా వస్తాను అత్తా!”

అన్నాక గానీ ఏమన్నదో ఆమెకు తెలియలేదు. చెవుల దాకా ఎర్రబడిపోయింది. లక్ష్మణమ్మ కొడుకు వైపు తిరిగి పకపకా నవ్వింది.

“ఇన్నావేట్రా?”

“ఇన్నానమ్మా,” అన్నాడు ఎర్రన్న, గిటారును సంచిలో తలకిందులుగా దోపేస్తూ.