గంటా పది నిమిషాలు

సప్తగోదావరీ తీరాన వెలసిన ద్రాక్షారామ భీమేశ్వరా! ఒంటరిగా దారి నడిచేవానికి తోడువు నీవే. ఈ కథకూ తోడుండు స్వామీ.

మధ్యాహ్నం ఒంటిగంట. మధురపూడి విమానాశ్రయంలో విభూతి రేఖలతో, పట్టుపంచెతో, పూతరేకుల డబ్బాతో కూర్చున్న పురోహితుడు నిజానికి ఏజెంట్ భద్రిరాజు. మెడలోని రుద్రాక్షలలో ఒకటి మైక్రోఫోన్. చెవిలోని దూదిలో స్పీకర్.

"హైదరాబాద్ ఫ్లైట్‌లో ఒక డబుల్ ఏజెంట్ ఎక్కుతోంది," అంది చీఫ్ లోకనాథ్ గొంతు. "పూతరేకుల డబ్బాలో చిప్. విదేశాల్లో ఉన్న మనవాళ్ళ పేర్లన్నీ అందులో ఉన్నాయి."

"సుధాకర్ పేరు కూడానా సార్?"

"మొదటి పేరే అతనిది. చిప్ చేరితే రేపటికి ఉండడు. ఫ్లైట్ ఆపితే హైదరాబాద్‌లో కాచుకున్న ముఠా జారుకుంటుంది. ఫ్లైట్ ఎగరాలి, చిప్ ఎగరకూడదు."

"మనిషి ఎలా ఉంటుంది?"

"ఎవరూ చూడలేదు. భీమవరం మనిషినని చెప్పుకుంటుందట."

ఈ లోకంలో భద్రిరాజును 'ఒరేయ్' అని పిలిచేవాడు స్నేహితుడు సుధాకర్ ఒక్కడే. ఆ పిలుపు విని పదకొండేళ్ళయింది. మాట్లాడుకోకూడదన్నది ఉద్యోగ నియమం.

హాల్లో ఆత్రేయపురం పూతరేకుల డబ్బా లేని చెయ్యి లేదు. పక్క కుర్చీలోని పెద్దావిడ సుభద్రమ్మది భీమవరమని మాటల్లో తెలిసింది.

"ప్రయాణం ఎంతసేపండీ?" అని అడిగాడు.

"ఏం చెప్పమంటారండీ పంతులుగారూ! తొమ్మిదింటికి కారెక్కితే ఇప్పటికి ఇక్కడున్నాం. అక్కడ దిగి కూకట్‌పల్లి చేరేసరికి దీపాలెట్టేస్తారు. దీనికి మళ్ళీ విమానమని పేరు!"

అంతలో ఎదుట ఒక కాఫీ కప్పు నిలిచింది. లేత గులాబి చీర, నల్లకళ్ళద్దాలు, చందనపు పరిమళం.

"తీసుకోండి పంతులుగారూ. భోంచేశారా?"

ఆ మాట అడిగినవారు ఇన్నేళ్ళలో లేరు. భద్రిరాజు కప్పు అందుకున్నాడు.

"నా పేరు కీర్తిప్రియ అండి. మాదీ భీమవరమే."

ఈమె కాకూడదు స్వామీ, అనుకున్నాడు.

"ప్రయాణం ఎంతసేపమ్మా?"

"గంటా పది నిమిషాలేనండి. మూడొందల అరవై కిలోమీటర్లు."

కాఫీ చేదెక్కింది. ఇల్లు వదిలి వచ్చినవారు గడప నుంచి గడపకు లెక్క చెబుతారు. వదలడానికి గడపే లేనివారు విమానం లెక్క చెబుతారు. తనను అడిగినా తానూ అదే చెప్పేవాడు.

ఆఖరి పిలుపు వినిపించింది. భద్రిరాజు లేచి తూలాడు. కాఫీ ఆమె కుచ్చిళ్ళ మీద ఒలికింది.

"అయ్యో, అపచారం తల్లీ!"

"పర్వాలేదండి," అంటూ ఆమె తన డబ్బా కుర్చీలో పెట్టి చీర తుడుచుకుంది. భద్రిరాజు తన డబ్బా ఆమె చేతికందించి, ఆమెది తన చంకలో పెట్టుకున్నాడు. ఆమె పరుగున వెళ్ళింది. ఆమె వెనుకే గేటు మూసుకుంది.

డబ్బా విప్పాడు. మొదటి వరుసలో ఏమీ లేదు. రెండో వరుసలోనూ లేదు. బయట ఇంజిన్లు హోరెత్తాయి. తప్పు మనిషిని ఎంచుకున్నాడేమో! అట్టడుగు పూతరేకు మడతలో గోరంత చిప్ మెరిసింది.

"ఫ్లైట్ ఎగిరింది సార్. చిప్ నా దగ్గరుంది."

"శభాష్! ముఠా సంగతి ఇక్కడ మేం చూసుకుంటాం. సుధాకర్ బతికాడు."

"ఒక్కసారి మాట్లాడొచ్చా సార్?"

"రూల్స్ తెలుసుగా, భద్రిరాజూ."

తెలుసు. విమానం మబ్బుల్లో చుక్కయ్యేదాకా చూసి, ఒక పూతరేకు నోట్లో పెట్టుకున్నాడు. భోంచేశారా అని అడిగిన శత్రువు పుణ్యమా అని ఆ పూట భోజనమైంది.

ఈ కథ విన్నవారందరూ పొద్దుండగా ఇల్లు చేరుదురు గాక! చేరిన ఇంట 'తిన్నావా' అని అడిగే గొంతు ఒకటి ఉండు గాక! శుభం.