నీలం చుక్క

మెట్లు... ఇంకా రెండంతస్తులు!

చేతిలో పిస్టల్. అతనిది కాదు. ఇప్పుడే గేటు దగ్గర గార్డు నడుము నుంచి లాక్కున్నాడు.

"బాబాయ్, ఆగు! నా ఉద్యోగం పోతుంది!" కింద నుంచి గార్డు అరుస్తున్నాడు.

"నాకు ఇల్లాలే పోయిందిరా!"

నాలుగో అంతస్తు. స్కానింగ్ గది. తలుపు తోస్తాడు. లోపల గడియ వేస్తాడు.

కంప్యూటర్ ముందు ఇంజనీరమ్మ. ఫొటోలో క్యాన్సర్ కణాల్ని పట్టే ప్రోగ్రామ్ ఆమెదే.

ఈ ల్యాబ్‌లో పదకొండేళ్ళుగా అతను రోగుల కణాలు అతికించిన గాజు స్లైడ్లు తుడిచి స్కానర్‌లో పెడుతున్నాడు. పోయినేడు అతని భార్య స్లైడ్ కూడా ఇక్కడికే వచ్చింది. చిన్న డాక్టర్‌కి అనుమానం. ప్రోగ్రామ్ మాత్రం 'క్యాన్సర్ లేదు' అంది. పెద్ద డాక్టర్ దాన్నే నమ్మాడు.

ఏడు నెలలు! అంతే బతికింది.

"చెప్పు! నా ఇంటిదాన్ని చంపింది ఎవరు? నువ్వా, నీ మిషనా?"

ఆమె లేవదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నేనే కబురు పెడదామనుకున్నా బాబాయ్."

"చేతులు కాలాకా?"

ఆమె స్క్రీన్ ఇటు తిప్పుతుంది.

"ప్రోగ్రామ్ ఎక్కడ చూసిందో అక్కడ ఎర్రగా వెలుగుతుంది. ఇవన్నీ క్యాన్సర్ అని పట్టినవి. చూడు."

ఒకటి... రెండు... పది...

వెలుగు కణాల మీద లేదు. పక్కనున్న నీలం చుక్క మీద ఉంది!

అనుమానం ఉన్నచోట చిన్న డాక్టర్ పెన్నుతో పెట్టే చుక్క.

"అది కణాల్ని నేర్చుకోలేదు. మనం చూపించిన క్యాన్సర్ ఫొటోలన్నింట్లో చుక్క ఉండిపోయింది, అందుకే చుక్కని నేర్చుకుంది. నాకు మొన్నే తెలిసింది... స్కాన్‌కి ముందు చుక్కలు తుడవాలి కదా, బాబాయ్?"

"రోజుకి మూడొందల స్లైడ్లు! ఎవడు తుడుస్తాడమ్మా? ఏదో అలా ఓ గుడ్డ ఆడించి..."

స్క్రీన్ దగ్గరికి వంగుతాడు.

"...నా ఇంటిదానిది చూపించు."

స్క్రీన్ మీద ఊదారంగు కణాలు. ఒకదాని మీదొకటి ఎక్కి తొక్కుకుంటున్నాయి. చుక్క లేదు. మరక లేదు. వేలిముద్ర కూడా లేదు.

"ఇన్ని వేలల్లో ఇంత శుభ్రమైన స్లైడ్ ఇదొక్కటే," అంటుంది ఆమె, తల దించుకుని.

ఆ రోజు... ట్రేలో భార్య పేరు చూశాడు. స్పిరిట్ దూది తీశాడు. ఒకసారి తుడిచాడు. రెండుసార్లు. మూడోసారి చొక్కా అంచుతో, నీలం చుక్క జాడ కూడా లేకుండా. మసక ఉంటే మిషన్‌కి సరిగా కనబడదేమోనని!

దభీ! తలుపు మీద గార్డు భుజం.

"బాబాయ్... ఆ పిస్టల్ ఇలా ఇవ్వు..."

ఇంజనీరమ్మ చెయ్యి చాస్తుంది. అతనికి వినపడదు. పిస్టల్ ఎడమచేతిలోకి మారుతుంది. ఆ స్లైడ్ తుడిచిన కుడి అరచెయ్యి బల్ల మీద పరుస్తాడు. వేళ్ళు విప్పి. పిస్టల్ గొట్టం దాని మీద ఆనిస్తాడు.

"చంపినవాడు దొరికాడమ్మా."

ధన్!