డబ్బాలో వేసినవాడు

షాద్‌నగర్ దాటాక ముత్తమ్మ చాయ్ బండి దగ్గర ఆ ఆటో ఆగేసరికి సాయంత్రం మబ్బు బాగా కమ్ముకుంది. ఆటో అంటే మామూలు ఆటో కాదు లెండి! నెమళ్లు, నక్షత్రాలు, దాతల పేర్లు... పెళ్లి పందిరే. శంషాబాద్‌లో క్యాబ్‌లు నడిపే ప్రేమ్ రాజ్, మొయిజ్ ఇద్దరూ పాత ఇనుప సామాన్ల బజార్లో దాన్ని కొని, బాగు చేసుకుని, నడవలేని పిల్లల ఆశ్రమానికి చందా కోసం కన్యాకుమారి దాకా పోయి వస్తున్నారు. దారి పొడవునా ఒకటే పద్ధతి. రేకు డబ్బాలో ఎవరు ఏం వేసినా, ఆటో ఎక్కించుకుని కొంత దూరం తిప్పాలి. కాదనకూడదు. ఆ పద్ధతి పెట్టింది మొయిజే.

"కన్యాకుమారి దాంక పోయొచ్చినం గని అన్నా, నీ కడుపు నిండే ఊరు ఏడ లేదు," అన్నాడు మొయిజ్, ప్రేమ్ రాజ్ ఇంకో మిర్చి అందుకుంటుంటే.

ముత్తమ్మ నవ్వలేదు. ఆటోనే చూస్తోంది.

"గీ బండి ఏడ దొరికింది బిడ్డా?"

"పాత సామాన్లల్ల, అవ్వా. ఏమైంది?"

"ముంగట కల్వర్టు కాడ ఆటో కొండల్‌ను ఎనక కూసున్నోళ్లే సంపిండ్రు. క్లచ్ వైరుతోని గొంతు కోసిండ్రు. బండి ఎత్కపోయిండ్రు. జర ఆడ ఆగకుండ్రి."

"ఎవరన్న డబ్బల ఏస్తే తప్ప ఆగం," అని నవ్వి మొయిజ్ బండి తీశాడు. ప్రేమ్ రాజ్ డబ్బా ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్నాడు.

వాన మొదలైంది. తడిసిన మట్టి వాసన, టాపు మీద చినుకుల మోత. కల్వర్టు మీద నీళ్లు పారుతుంటే మొయిజ్ వేగం తగ్గించాడు. పక్కనే ఖాకీ చొక్కా మనిషి నిలబడి ఉన్నాడు.

"ఆపకురా," ప్రేమ్ రాజ్ గుసగుసలాడాడు.

అంతలోనే ఒక చెయ్యి లోపలికొచ్చింది. డబ్బాలో ఏదో పడింది. టక్. నాణెం చప్పుడు కాదది... గులకరాయి పడ్డట్టు.

"ఏసినోణ్ణి కాదంటమా? ఎక్కు చిచ్చా!" అన్నాడు మొయిజ్.

సీటు కుంగింది. గ్రీజు వాసన... దాని వెనకే కుళ్లిన నెత్తురు వాసన.

"ఏడ దిగుతవ్?" అన్నాడు ప్రేమ్ రాజ్.

"మస్తు రంగులేసిండ్రు... నా బండికి."

మాట నోట్లోంచి రాలేదు. మెడలోంచి వచ్చింది. అప్పుడే శంషాబాద్‌లో దిగబోతున్న విమానం నెత్తి మీదుగా పోయింది. ఆ వెలుగులో కనిపించింది. చెవి నుంచి చెవి దాకా తెరుచుకున్న గొంతు. చేతుల్లో వైరు...

అది మొయిజ్ మెడకు పడింది.

మొయిజ్ చేతులు హ్యాండిల్ వదిలేశాయి. అయినా ఆటో ఇంకా వేగంగా ఉరికింది. ప్రేమ్ రాజ్ వైరు కింద వేళ్లు దూర్చాడు. వేళ్లు ఎముక దాకా తెగాయి. నెత్తురు మొయిజ్ చొక్కా మీద చిమ్మింది... ఎవరిదో తెలియదు. పానా అందుకుని ఖాకీ మనిషి తల మీద బాదాడు. తల కుళ్లిన సొరకాయలా లోపలికి పోయింది. పట్టు మాత్రం సడల్లేదు.

"దిగు! నీది నీకిచ్చేస్త... దిగు!"

"ఏసినంక... తిప్పాలె గద..."

మొయిజ్ కాళ్లు కొట్టుకుంటున్నాయి... నెమ్మదిస్తున్నాయి...

ప్రేమ్ రాజ్ పానాతో డబ్బా తాళం పగలగొట్టాడు. ఎన్ని ఊళ్ల జనం పిల్లల కోసం వేసిన పైసలో! అంతా వానలోకి విసిరేశాడు. డబ్బా తలకిందులు చేసి దులిపాడు.

సీటు పైకి లేచింది. పక్కన ఎవరూ లేరు. ఆటో డివైడర్‌కు గుద్దుకుని ఆగింది. మొయిజ్ మెడలోంచి గురగురమంటూ ఊపిరి వచ్చింది. బతికే ఉన్నాడు.

మర్నాడు మొయిజ్‌ను దవాఖానలో పడుకోబెట్టి, ప్రేమ్ రాజ్ కట్టు కట్టిన చేతులతో ఆశ్రమానికి పోయాడు. చక్రాల కుర్చీలో ఉన్న చిన్నపిల్ల రెబెక్కా, డబ్బా లాక్కుని ఒళ్లో పెట్టుకుంది.

"ఖాళీదేనమ్మా. మాఫ్ చెయ్యి."

ఆ పిల్ల డబ్బా ఊపింది.

టక్.

"ఒకటుంది మామా," అంటూ చెయ్యి పెట్టి తీసింది. పన్ను. వేరుకు నెత్తురు ఇంకా తడిగానే ఉంది.

గ్రీజు వాసన వచ్చింది. కుర్చీ వెనక పిడులు ఎవరో పట్టుకున్నట్టు కొంచెం కిందికి వంగాయి... బ్రేకు వేసే ఉంది.

చక్రాలు నెమ్మదిగా తిరగడం మొదలుపెట్టాయి.